అటక మీది గొంతులు చెరిగిపోకముందే

యానాం వాసికి 1954వ సంవత్సరం రెండు కారణాల వల్ల గుర్తుండాలి. ఆ ఏడు జూన్ 13న యానాంలో ఫ్రెంచి ఏలుబడి కూలింది. నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు ఈ నేల పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఢిల్లీలో పార్లమెంటు ఒక చిన్న చట్టం చేసింది. దేశంలో ఎక్కడ ఏ పుస్తకం అచ్చయినా, ప్రచురించినవారు 30 రోజుల్లోగా ఒక ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, ఒక్కొక్క ప్రతిని మరి మూడు పెద్ద గ్రంథాలయాలకూ తమ ఖర్చుతో పంపి తీరాలన్నది ఆ చట్టం. 1956లో వార్తాపత్రికలను కూడా అందులో చేర్చారు. అచ్చయిన మాట ఈ దేశంలో అంతరించిపోకూడదన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

కాని గాలిలో పలికిన మాటను ఆ చట్టం పట్టించుకోలేదు. రేడియోలో చదివిన వార్త, టీవీలో ఆడిన నాటిక, కేబుల్లో వచ్చిన ఊరి కబురు, వీటి ప్రతిని ఫలానా చోట దాచి తీరాలన్న చట్టం డెబ్బై ఏళ్లు దాటినా రాలేదు. ప్రసార సంస్థ దాచితే దాచినట్టు, చెరిపితే చెరిపినట్టు. ఈ లోటు వల్ల అందరికీ నష్టమే, అయితే అందరికీ ఒకే పాటి నష్టం కాదు. విజయవాడ మాటకూ హైదరాబాదు మాటకూ పుస్తకాలున్నాయి, పత్రికలున్నాయి, విశ్వవిద్యాలయాలున్నాయి. సరిహద్దు తెలుగువాడి మాట అచ్చుకెక్కింది తక్కువ, నోటి మీద బతికింది ఎక్కువ. యానాం, హోసూరు, బళ్లారి, బరంపురం, పర్లాకిమిడి వంటి ఊళ్ల తెలుగు ఎలా ఉండేదని రేపు ఎవరైనా అడిగితే, మనం చూపించగలిగేది చాలా వరకు ధ్వనే. ఆ ధ్వనిని నిలిపిన వస్తువు ఏదైనా మిగిలి ఉంటే, అది ఎక్కువగా మన ఇళ్ల అటకల మీద, ఇనప్పెట్టెల్లో, పాత టీవీ బల్లల సొరుగుల్లో వీడియో క్యాసెట్ల రూపంలోనే ఉంది. దాన్ని కాపాడుకోవడం గతాన్ని తలుచుకుని మురిసిపోయే కాలక్షేపం కాదనీ, భాషాహక్కుల ఉద్యమంలో ఒక భాగమనీ చెప్పడానికే ఈ వ్యాసం.

చెవులు ఒక చోట, పద్దులు మరొక చోట

యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది జనం. మా చుట్టూ ఉన్నదంతా ఆంధ్రప్రదేశే. పొలిమేర దాటితే కాకినాడ జిల్లా, గౌతమి దాటితే కోనసీమ. మా రాజధాని పుదుచ్చేరి మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఎన్నికైన సభ్యులు 30 మంది ఉండే శాసనసభలో యానాం వంతు ఒకే ఒక్క స్థానం.

భాష విషయంలో మా స్థితి ఇంకా విచిత్రం. 1956 మే 28న భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం, ప్రజాప్రతినిధులు వద్దని నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉండాలంది. ఆ ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. 1965 నాటి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా నిలిపింది. మాహేలో మలయాళాన్నీ, యానాంలో తెలుగునూ పరిపాలనాధికారి ఆదేశించిన మేరకు వాడవచ్చునంది. ‘వాడాలి’కీ ‘వాడవచ్చు’కూ మధ్య ఎంత దూరం ఉందో సరిహద్దు తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. గుమ్మంలో నిలబడి గుమాస్తా దయ కోసం ఎదురుచూసిన ప్రతివారికీ అది తెలుసు.

ప్రసారాల సంగతి చూద్దాం. పుదుచ్చేరిలో ఆకాశవాణి కేంద్రం 1967లో మొదలైంది. మధ్యతరంగాల ప్రసారం పగటివేళ అంత దూరం దాటి మా దాకా వచ్చేది కాదు. వచ్చినా అది తమిళుల అవసరాల కోసం ఏర్పడిన కేంద్రం, అందులో తప్పు పట్టవలసింది లేదు. మాకు వినిపించింది 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ కేంద్రం, 1963లో మొదలైన విశాఖపట్నం కేంద్రం. ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే గోదావరికి ఈవలి గట్టున విన్నవాళ్లకూ ఆవలి గట్టున విన్నవాళ్లకూ తేడా ఏముంది? భక్తిరంజని, పాడిపంటలు, ప్రాంతీయ వార్తలు, ఆదివారం నాటిక మా ఇళ్లలో గడియారాలుగా పనిచేశాయి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తొలిసారి తెరపై తెలుగు వార్తలు చదివారు. అటుపైన ఊళ్లో టీవీ ఉన్న ఒకరిద్దరి అరుగుల మీద వీధంతా చేరి వార్తలు చూసేది.

అంటే మా చెవులూ కళ్లూ ఆంధ్రదేశంలో ఉన్నాయి, మా రేషను కార్డులు పుదుచ్చేరి పద్దుల్లో ఉన్నాయి. బతికున్న రోజుల్లో ఈ రెండింటి నడుమ ఎలాగో సర్దుకున్నాం. దాచుకోవలసిన రోజు వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ కానివాళ్లమయ్యాం. ఆంధ్ర సంస్థలు తయారుచేసే జాబితాల్లో యానాం రాదు, అది వేరే ప్రభుత్వం కింద ఉంది గనుక. పుదుచ్చేరిలో తయారయ్యే జాబితాల్లో తెలుగు రాదు, అది ఆంధ్రావాళ్ల భాష గనుక. ఒడిశాలోని తెలుగువారినీ, కర్ణాటకలోని తెలుగువారినీ అడిగి చూడండి, ఊరి పేరు మార్చి ఇదే కథ చెబుతారు.

క్యాసెట్టులో దాగినది

ప్రసార సంస్థలు పాత కార్యక్రమాలన్నీ దాచలేదని ఆ రంగంలో పనిచేసినవారందరికీ తెలుసు. తొలి రోజుల్లో నాటకాలూ ప్రసంగాలూ నేరుగా ప్రసారమయ్యేవి, గాలిలో కలిసిపోయేవి. టేపు వచ్చాక కూడా అది ఖరీదైన సరుకు కావడం వల్ల, ప్రసారం కాగానే చెరిపి మరొక కార్యక్రమానికి వాడేవారు. ఈ అలవాటు మన దేశానిది మాత్రమే కాదు. బ్రిటన్‌లో బీబీసీ కూడా 1960, 70 దశకాల్లో ఎన్నో ప్రసిద్ధ కార్యక్రమాలను అలాగే చెరిపివేసింది. తరువాత వాటిలో కొన్ని విదేశీ ప్రసార కేంద్రాల్లోనూ వ్యక్తుల ఇళ్లలోనూ బయటపడ్డాయి. మన దగ్గరా అదే జరుగుతోంది. శ్రోతలు ఇంటి టేపురికార్డరుతో పట్టుకున్న భక్తిరంజని పాటలు, పురాణ ప్రసంగాలు, నాటికలు నేడు చేతులు మారుతూ బతుకుతున్నాయి. సంస్థ పారేసుకున్నదాన్ని శ్రోత దాచాడు.

రెండేళ్ల కిందట ఇంటి పైకప్పు మరమ్మతు చేయిస్తుండగా మా అటక మీద ఏడు వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. నాలుగింటికి బూజు పట్టింది. మిగిలిన మూడింటిని చూడటానికి వీసీఆర్ కోసం మూడు నెలలు తిరిగాను. చివరికి కాకినాడలో ఒక పాత మెకానిక్కు తన సొంత యంత్రం బాగుచేసి పెట్టాడు. రెండు క్యాసెట్లు పెళ్లివి. పెళ్లి తంతు అయిపోయాక మిగిలిన టేపు వృథా కాకుండా మా ఇంట్లో ఎవరో దూరదర్శన్ తెలుగు వార్తలూ, వ్యవసాయ కార్యక్రమం కొంతా పట్టారు. శాంతిస్వరూప్ చదువుతున్న ఆ వార్తలు పది నిమిషాలుంటాయి. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాక ఆ పది నిమిషాల విలువ నాకు మరింత తెలిసింది. ఇంకో చోట, పెళ్లికూతుర్ని చేస్తున్న ఉదయం, వసారాలో ఎవరూ పట్టించుకోని రేడియో ప్రాంతీయ వార్తలు చదువుతూ ఉంది. ఆ వార్తల మీదుగా మా మేనత్తలు పేరంటాళ్లను పిలుస్తున్నారు. ఏ రేడియో కేంద్రమూ దాచలేని ప్రసారం అది. రేడియో ఇంట్లో ఎలా వినిపించేదో అందులో ఉంది.

మూడో క్యాసెట్టు మా ఊరి కేబుల్ నిర్వాహకుడు పట్టినది. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. కోనసీమనూ యానాం పరిసరాలనూ తుడిచిపెట్టింది. వేయి మందికి పైగా చనిపోయారు. సముద్రం మీదికి వేటకు వెళ్లి తిరిగి రాని జాలర్లు వందల్లో ఉన్నారు. క్యాసెట్టులో ఉన్నది ఆ తరువాతి రోజుల ఊరు. ఒడ్డున కూర్చున్న ఆడవాళ్లు గాలి ఏ వైపు నుంచి తిరిగిందో, నీరు ఏ మొగ నుంచి ఎక్కిందో, ఏ తిప్ప మీద ఎవరు ఆగిపోయారో చెబుతున్నారు. పోటు, పాటు, మొగ, తిప్ప, లంక, ఉప్పెన, ఈ మాటలన్నీ వాళ్ల నోట తడబాటు లేకుండా వస్తున్నాయి. అదే టేపులో ముందుగా పట్టిన వార్తల భాష వేరు. అందులో అల్పపీడనం, వాయుగుండం, తీరం దాటడం ఉన్నాయి. రెండూ తెలుగే. కాని ఒకటి సముద్రాన్ని చూసినవాళ్ల తెలుగు, మరొకటి సముద్రం గురించి చదివినవాళ్ల తెలుగు. హెచ్చరిక ఏ తెలుగులో ఇస్తే వేటకు వెళ్లేవాడి గుండెకు తగులుతుందో తెలుసుకోవాలంటే, ఆ ఆడవాళ్ల మాట ఎవరో ఒకరు వినాలి. వినాలంటే అది మిగలాలి.

ఆ టేపుకు నకలు తీయించి ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఇవ్వబోయాను. అటువంటి వస్తువు తీసుకోవడానికి తమ దగ్గర పద్దు లేదని మర్యాదగానే చెప్పారు. పొరుగున ఆంధ్రలో మరొక సంస్థకు ఉత్తరం రాశాను. యానాం తమ పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. ఆ రెండు చోట్లా కూర్చున్న ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. వారిద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. యానాం తెలుగు గొంతుకు ఎక్కడా పద్దు లేదన్నది నిజం. ఆ నిజం మారాలనే నా పోరు.

వినవస్తున్న సాకులు

ఈ మాట ఎత్తినప్పుడల్లా కొన్ని సాకులు వినవస్తున్నాయి. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకుందాం.

‘అంతా ఇంటర్నెట్లో దొరుకుతుంది కదా’ అంటారు. దొరుకుతున్నది ఎవరో ఒకరు తమ టేపును యంత్రంలో పెట్టి నకలు తీసి ఎక్కించినది మాత్రమే. ఎక్కించనిది ఏ ఇంటర్నెట్లోనూ పుట్టదు. యానాం ఆడవాళ్ల మాటను ఏ అమెరికా కంపెనీ వచ్చి మా అటక ఎక్కి వెతికి ఎక్కిస్తుంది? పైగా అక్కడ ఎక్కిన వస్తువు అక్కడే ఉంటుందన్న హామీ ఎవరిచ్చారు? కంపెనీ తన లాభం చూసుకుని తీసివేస్తే అడిగే హక్కు మనకు లేదు.

‘పెళ్లి క్యాసెట్లు భాషా సంపద ఎలా అవుతాయి’ అంటారు. భాష పండితసభలో మాత్రమే ఉంటుందనుకునేవారి ప్రశ్న ఇది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందటే దీనికి జవాబు చెప్పారు. జనం నోట నడిచే మాటే భాషకు ప్రాణమన్నారు, ఆ మాట కోసం పండితులతో తలపడ్డారు. ఆయన కూడా సరిహద్దు ఊళ్లోనే పాఠాలు చెప్పారన్నది మనం మరవకూడదు. పెళ్లిలో వియ్యంకుల వరసలు, పిలుపులు, ఎత్తిపొడుపులు, అప్పగింతల్లో ఏడుపు మాటలు ఏ నిఘంటువులోనూ పూర్తిగా లేవు. మన తాతమ్మ గొంతులో ఉన్నాయి.

‘ప్రసారాల మీద హక్కులు వేరేవారివి, మనం ముట్టుకుంటే నేరం’ అని భయపెడతారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రసారం మీద ప్రసార సంస్థకుండే ప్రత్యేక హక్కు, ప్రసారమైన మరుసటి ఏడాది నుంచి లెక్కవేసి 25 సంవత్సరాలు. సొంత వినియోగానికీ, నిజాయితీతో కూడిన బోధనకూ పరిశోధనకూ చేసే రికార్డింగును అదే చట్టం ఆ హక్కుకు భంగంగా చూడదు. ప్రసారంలోని పాటకూ నాటకానికీ రచయితల హక్కులు వేరుగా ఉంటాయి, వాటిని గౌరవించవలసిందే. వాటిని అమ్ముకోమని ఎవరూ చెప్పడం లేదు. ఇంట్లో ఉన్న టేపు కుళ్లిపోకుండా నకలు తీసి పెట్టుకోవడానికి మాత్రం జంకనక్కరలేదు.

ఇక చివరిది మన ఉద్యమ మిత్రుల నుంచే వచ్చే అభ్యంతరం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ‘బడిలో తెలుగు పోతుంటే టేపులు పట్టుకుని కూర్చుంటారా’ అని వారు అడుగుతారు. బడి ముఖ్యం, అందులో రెండో మాట లేదు. కాని బడి కోసం పోరాడినప్పుడు మనల్ని అడిగేది ఏమిటి? మీరెందరు, ఎప్పటినుంచి ఉన్నారు, ఇది నిజంగా మీ ఇంటి భాషేనా అని అడుగుతారు. తమిళనాడులో 2006లో పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, తెలుగుతో సహా అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కోసం న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది. సరిహద్దు తెలుగువాడు ప్రతి తరంలోనూ తన ఉనికిని తిరిగి రుజువు చేసుకోవలసిందే. జనాభా లెక్క మన అంకె చెబుతుంది. మన జీవితం ఏ భాషలో నడిచిందో చెప్పదు. 1980, 90 దశకాల్లో మా వీధిలో పెళ్లి, చావు, ఎన్నిక, తుపాను, జాతర, బేరం అన్నీ తెలుగులోనే నడిచాయని నోరు తెరిచి చెప్పే సాక్షి ఆ టేపు. అంతేకాదు, మా పిల్లలకు పాఠ్యపుస్తకాల్లో యానాం తెలుగు ఎక్కడా కనిపించదు. తమ నాయనమ్మ మాట తెర మీద వినిపిస్తే, ఇది చెప్పుకోదగిన భాషేనని వారికి నమ్మకం కలుగుతుంది. బడికి పోటీగా కాదు, బడికి సరంజామాగా టేపును కాపాడమంటున్నాను.

లోకం ఏం చేసింది

మనల్ని ఏలిన ఫ్రెంచివారి దేశాన్నే చూడండి. అక్కడ రేడియో, టీవీ ప్రసారాలను భద్రపరిచి అందించే బాధ్యతతో 1975లో ‘ఇనా’ అనే జాతీయ సంస్థ ఏర్పడింది. 1992లో వచ్చిన చట్టం పుస్తకాల మాదిరిగానే ప్రసారాలను కూడా భద్రపరచి తీరాలని శాసించింది. యానాం మీద రెండు శతాబ్దాల పాటు జెండా ఎగరేసిన దేశం తన ప్రసారాలను అంత శ్రద్ధగా కాపాడుకుంటున్నది. ఆ జెండా దించిన మనం మన ప్రసారాలను పాత సామాను కొట్టుకు వేస్తున్నాం.

ఐర్లండు పడమటి అంచున ఐరిష్ మాట్లాడే పల్లెలు ఉన్నాయి. తమ భాషలో రేడియో లేదన్న ఆగ్రహంతో 1970లో అక్కడి యువకులు అనుమతి లేకుండానే సొంత ప్రసారం మొదలుపెట్టారు. 1972లో ప్రభుత్వమే ఐరిష్ పల్లెల కోసం ప్రత్యేక రేడియో కేంద్రాన్ని తెరవవలసి వచ్చింది. అంచున ఉన్నవారు అడిగితేనే వచ్చింది, ఊరుకుంటే వచ్చేది కాదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే మహిళ 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా తన ఇంట్లో టీవీ వార్తలను రాత్రింబవళ్లు వీడియో టేపుల మీద పట్టింది. ఆ టేపుల సంఖ్య డెబ్బై వేల దాకా ఉంటుంది. ఇరుగుపొరుగుకు వింతగా తోచిన ఆ పనే నేడు పరిశోధకులకు గని. ప్రభుత్వం చేయని పనిని ఒక ఇల్లాలు చేయగలదని చూపిన ఉదాహరణ ఇది.

ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో కదిలే బొమ్మలను కాపాడాలని 1980 అక్టోబరు 27న ఒక సిఫారసు ఆమోదించింది. ఏటా ఆ రోజును దృశ్యశ్రవణ వారసత్వ దినంగా పాటిస్తున్నారు. కాలం మాత్రం మన కోసం ఆగలేదు. వీసీఆర్ తయారుచేసే చివరి పెద్ద కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆ పని మానేసింది. 2025 నాటికి నకలు తీయని అయస్కాంత టేపుల్లో చాలా భాగం ఇక దక్కవని ప్రపంచంలోని దృశ్యశ్రవణ భాండాగారాలు ముందే హెచ్చరించాయి. ఆ గడువు వచ్చి వెళ్లింది. మన దేశంలో 2022 నాటికి దూరదర్శన్ పాత అనలాగ్ ప్రసార కేంద్రాలు కూడా దాదాపు అన్నీ మూతపడ్డాయి. యంత్రాలు పోతున్నాయి, వాటిని బాగుచేయగలిగిన చేతులు ముసలివవుతున్నాయి, గోదావరి తేమలో టేపులు కుళ్లుతున్నాయి.

మనం అడగవలసినవి

భారత రాజ్యాంగం 29వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం, తమదైన భాష, లిపి, సంస్కృతి ఉన్న ప్రతి సమూహానికీ వాటిని పరిరక్షించుకునే హక్కు ఉంది. పరిరక్షణ అంటే బడి పెట్టుకోవడం మాత్రమేనని ఎక్కడా రాయలేదు. ఆ హక్కు ఆధారంగా మనం గట్టిగా అడగవలసినవి ఇవి.

ఒకటి: 1954 చట్టం పుస్తకాలకు చేసిన మేలును పార్లమెంటు ప్రసారాలకు కూడా చేయాలి. ప్రభుత్వ, ప్రైవేటు ప్రసార సంస్థలన్నీ తమ కార్యక్రమాల ప్రతిని నిర్ణీత భాండాగారంలో అప్పగించేలా చట్టం తేవాలి.

రెండు: విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు, పుదుచ్చేరి కేంద్రాల్లో మిగిలివున్న తెలుగు టేపుల పూర్తి జాబితాను ప్రసారభారతి ప్రజలకు వెల్లడించాలి. తాను పోగొట్టుకున్న కార్యక్రమం శ్రోత ఇంట్లో దొరికితే, నకలు తీసుకుని భద్రపరిచే ఏర్పాటు చేయాలి.

మూడు: పుదుచ్చేరి ప్రభుత్వం యానాంలోనే తెలుగు ధ్వని, దృశ్య భాండాగారం నెలకొల్పాలి. పెద్ద భవనం అక్కరలేదు. గ్రంథాలయంలో తేమ లేని ఒక గది, పనిచేసే రెండు వీసీఆర్లు, తెలుగు చదవగలిగిన ఒక ఉద్యోగి చాలు. మాహేకు మలయాళంలోనూ అటువంటిదే కావాలి. ఇది ఎవరి మీదా పోటీ కాదు.

నాలుగు: తెలుగు రాష్ట్రాలు రెండూ తమ సాంస్కృతిక సంస్థల నిబంధనల్లో ‘రాష్ట్ర పరిధి’ అన్న అడ్డుగోడను తెలుగు విషయంలో తొలగించాలి. 2011 లెక్కల ప్రకారం ఎనిమిది కోట్ల పైచిలుకు తెలుగువారున్నారని గొప్పగా చెప్పుకునేటప్పుడు సరిహద్దు వారిని కలుపుకుంటున్నారు. దాచేటప్పుడు కూడా కలుపుకోవాలి.

ఐదు: 350బి అధికరణం కింద ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనరు తన నివేదికల్లో బడులు, ఉద్యోగాలతో పాటు ప్రసారాల సంగతి కూడా విచారించాలి.

ఇంట్లో మొదలుపెట్టవలసిన పని

ప్రభుత్వాలు కదిలేదాకా టేపులు ఆగవు. అందువల్ల ప్రతి సరిహద్దు తెలుగు కుటుంబమూ ఈ పని తానే మొదలుపెట్టాలి. ముందుగా ఇంట్లోని వీడియో క్యాసెట్లు, ఆడియో క్యాసెట్లు అన్నీ ఒకచోట చేర్చండి. వీడియో క్యాసెట్టు కిటికీలోంచి చూడండి. టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. అటువంటి దాన్ని యంత్రంలో పెట్టకండి. టేపు దెబ్బతింటుంది, బూజు యంత్రానికీ అక్కడి నుంచి మంచి టేపులకూ అంటుకుంటుంది. దాన్ని వేరే సంచిలో పెట్టి తెలిసినవారికి అప్పగించండి. క్యాసెట్టు వెన్ను మీద ఒక మూలన ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేయండి. అది లేకపోతే ఎవరూ పొరపాటున దాని మీద మళ్లీ రికార్డు చేయలేరు. క్యాసెట్లను పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ, తేమ, స్పీకర్ల అయస్కాంతం తగలని చోట ఉంచండి.

నకలు తీయడానికి అడ్డదారి లేదు. మూడు గంటల టేపుకు మూడు గంటలూ పడుతుంది. నకలు తీసే దుకాణంవారు పెళ్లి అయిపోగానే ఆపేస్తారు. చివరిదాకా తీయమని గట్టిగా చెప్పండి. అసలు సంపద చాలాసార్లు ఆ తోకలోనే ఉంటుంది. తీసిన నకలును కనీసం మూడు చోట్ల ఉంచండి. అందులో ఒకటి వేరే ఊళ్లోని బంధువు ఇంట ఉండాలి. మా వంటి ఏటిగట్టు ఊళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. నకలు తీశాక కూడా అసలు టేపును పారేయకండి.

అన్నిటికంటే ముఖ్యం, రాసిపెట్టడం. ఏ సంవత్సరం, ఏ ఊరు, మాట్లాడుతున్నదెవరు, వెనక వినిపిస్తున్న రేడియో ఏ కేంద్రం అన్నవి తెలుగులో రాసి క్యాసెట్టుకు జతచేయండి. ఈ వివరాలు చెప్పగలవారు మన ఇంటి పెద్దలే. టేపు పాడవకపోయినా, అందులో ఉన్నది ఎవరి గొంతో చెప్పేవారు పోతే అది సగం మూగదైనట్టే. పెద్దల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, వాళ్లు చెబుతుంటే మనవల చేత రాయించండి. పెద్దవాళ్ల మాట మిగులుతుంది, పిల్లలకు తెలుగు రాత అలవాటవుతుంది.

యానాంలో కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, దరియాలతిప్ప, ఏ పేటకు ఆ పేట తన జాబితా తానే తయారుచేసుకోగలదు. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, సిరొంచలో కూడా అంతే. ఆగస్టు 29న గిడుగువారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సభలు పెడుతున్నాం, దండలు వేస్తున్నాం. ఈసారి ఆ సభకు వచ్చే ప్రతి కుటుంబమూ తమ ఇంట ఉన్న టేపుల జాబితా ఒక కాగితం మీద రాసి తీసుకురావాలి. ఆ కాగితాలన్నీ కుట్టి ఒక ప్రతిని మన పాలకులకూ, ఒక ప్రతిని ప్రసారభారతికీ, మరొక ప్రతిని భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకూ పంపుదాం. తమ దగ్గర పద్దు లేదన్నవారికి మనమే పద్దు తయారుచేసి ఇద్దాం. ఆ తరువాత జవాబు చెప్పవలసినది వారు.